చెంబులో మిగిలిన నీళ్ళు: వేడెక్కుతున్న లోకంలో మన శీలం



విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయే ప్రతి బౌద్ధుడూ ఒక మునిగిపోయిన నగరం మీదుగా పోతాడు. ఆ నీళ్ళ అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో అక్కడ విహారాలు, చైత్యాలు వెలిగాయి. సింహళ దేశపు భిక్షువులు కూడా అక్కడ నివసించారు. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నీళ్ళు చేరక ముందే 1954–60 మధ్య లోయంతా తవ్వి చూసి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ, అనుపుకూ తరలించారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు.

ఆ నగరాన్ని ముంచినవాళ్ళు తెలిసే ముంచారు. ఎన్ని ఎకరాలు తడుస్తాయో, ఎన్ని ఊళ్ళు పోతాయో లెక్క వేసుకున్నారు. ఇవాళ మనుషులం కలిసి భూమినే వేడెక్కిస్తున్నాం. తెలిసే చేస్తున్నాం గానీ, ఎవరి వంతు ఎంతో లెక్క చెప్పడానికి మాత్రం ఎవరమూ ముందుకు రావడం లేదు. ఈ కరపత్రం ఆ లెక్క గురించే.

మన ధమ్మ తరగతుల్లో వాతావరణ మార్పు మాట ఎత్తితే రెండు జవాబులు వస్తాయి. ఒకరు, "అది అమెరికా వాళ్ళు, పెద్ద పెద్ద కంపెనీల వాళ్ళు చేసింది. కూలి చేసుకునే మనకేం సంబంధం?" అంటారు. ఇంకొకరు, "చెప్పేవాడు ముందు తన బండి మానేసి రమ్మనండి, తర్వాత విందాం" అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. రెండింటి ఫలితం మాత్రం ఒక్కటే, అందరం నోరు మూసుకుని ఇంటికి పోతాం. కాబట్టి ఆ రెండు జవాబులనూ బుద్ధుడి ముందు పెట్టి చూద్దాం.

కారణం లేకుండా కార్యం లేదు

వానలు తప్పితే దేవుడికి కోపం వచ్చిందని మనం అనం. కలికాలం అనం. 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాళ్ళం యజ్ఞం చేయిస్తే వాన పడుతుందని నమ్మం. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు. ప్రతీత్య సముత్పాదం నేర్పేది అదే.

మరి ఈ వేడికి కారణం ఏంది? బొగ్గు, పెట్రోలు, డీజిలు, గ్యాసు కాల్చినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అది దుప్పటి కప్పినట్టు భూమి వేడిని బయటికి పోనివ్వదు. యంత్రాల యుగానికి ముందు పది లక్షల పాళ్ళ గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. ఒక్క లీటరు పెట్రోలు కాలితే రెండు కిలోలకు పైగా ఈ వాయువు గాలిలో కలుస్తుంది. కంటికి కనపడదు కాబట్టి మనం చేసినట్టు మనకు అనిపించదు.

2024 సంవత్సరంలో భూమి సగటు ఉష్ణోగ్రత, యంత్రాల యుగానికి ముందున్న దానికంటే ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగా నమోదైంది. ఒకటిన్నరే కదా అనుకోవద్దు. ఒంటికి ఒకటిన్నర డిగ్రీలు పెరిగితే మనిషి మంచం పడతాడు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదు. అందుకే ఎండినప్పుడు మరీ ఎండుతుంది, కురిసినప్పుడు మరీ కురుస్తుంది.

మన కృష్ణమ్మనే చూడండి. 2023–24లో వానలు లేక సాగర్ జలాశయంలో నీళ్ళు తాగడానికే దాచుకోవాల్సి వచ్చింది, కుడి కాలువ కింద పొలాలు బీళ్ళయ్యాయి. అదే 2024లో సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, అటు బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్ళు మునిగాయి. బుడమేరు ముంపుకు ఆక్రమణలు, గట్ల నిర్లక్ష్యం వంటి కారణాలూ ఉన్నాయి. కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు, ధమ్మం చెప్పేదీ అదే. కానీ ఆ కారణాల్లో ఒకటి రోజురోజుకూ బలపడుతోంది.

ఎండకు కులం లేదు, నీడకు ఉంది

పల్నాడులో ఎండ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎండాకాలం వస్తే మాచర్ల పక్కనున్న రెంటచింతల పేరు వార్తల్లో వినపడుతుంది, రాష్ట్రంలోనే ఎక్కువ వేడి నమోదయ్యే ఊళ్ళలో అదొకటి. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, రోజు కూలీలు, చెట్టు నీడ కూడా లేని చోట పని చేసినవాళ్ళు.

ఎండ కులం చూడదంటారు. నిజమే, సూర్యుడు చూడడు. నీడ మాత్రం చూస్తుంది. మంచి నేల, మంచి చెట్లు, మంచి బావి ఊళ్ళో ఉంటాయి. రాళ్ళ నేల, రేకుల ఇళ్ళు పల్లెలో ఉంటాయి. మధ్యాహ్నం రెండు గంటలకు రేకుల కింద కూర్చున్న తల్లికి, స్లాబు ఇంట్లో ఏసీ కింద కూర్చున్న మనిషికి ఒకే వేసవి కాదు. ఉపాధి పనికి పార పట్టేది ఎవరు? మిరప కోతల్లో చేతులు మండుతున్నా వంగి కోసేది ఎవరు? మన వాళ్ళే. ఈ వేడికి తక్కువ కారణమైనవాళ్ళే ఎక్కువ మాడుతున్నారు. కాబట్టి ఇది శాస్త్రవేత్తలకు వదిలేసే విషయం కాదు, కుల నిర్మూలన కోరేవాళ్ళ విషయం.

ఇప్పుడు మొదటి జవాబు చూద్దాం. "ఇది ధనికులు చేసింది" అన్న మాట నిజం. ఒక అమెరికన్ ఏడాదికి సగటున సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమైతే, ఒక భారతీయుడు సుమారు రెండు టన్నులకు కారణం. లోకంలో బాగా సంపన్నులైన పది శాతం మంది దాదాపు సగం కాలుష్యానికి కారకులు. అందరం సమాన దోషులమని ఎవరైనా అంటే అది అబద్ధం. రేకుల ఇంట్లో ఒక ఫ్యాను తిప్పుకునే అవ్వను, విమానంలో తిరిగే కంపెనీ యజమానిని ఒక గాట కట్టేయడం అన్యాయం.

కానీ ఆ రెండు టన్నులు కూడా సగటే. ఆ సగటులో అవ్వ ఉంది, యజమాని ఉన్నాడు, మధ్యలో మనలో చాలామంది ఉన్నారు. బాబాసాహెబ్ సంపాదించి పెట్టిన హక్కుల వల్ల మనలో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీర్లు, డాక్టర్లు వచ్చారు. గుంటూరులో, హైదరాబాదులో ఇళ్ళు కట్టుకున్నారు. కొందరి పిల్లలు అమెరికాలో ఉన్నారు. అది మనకు గర్వకారణం. అయితే మాట్లాడేటప్పుడు పల్లె పేదరికాన్ని ముందు పెట్టి, ఖర్చు పెట్టేటప్పుడు పట్నపు సంపన్నుడిలా బతికితే, ఆ అవ్వ పేరు చెప్పుకుని మనం దాక్కుంటున్నట్టు. కపటం మొదలయ్యేది అక్కడే.

రాహులుడికి చూపించిన చెంబు

చెప్పేదొకటి చేసేదొకటి అయిన మనిషి గురించి మన భాషలో ఒక సామెత ఉంది. అది ఒక పేద కులాన్ని కించపరుస్తుంది కాబట్టి మనం వాడం. బుద్ధుడు అంతకంటే గొప్ప పోలిక ఇచ్చాడు.

రాజగృహం దగ్గర అంబలట్ఠికలో కొడుకు రాహులుడు ఉన్నప్పుడు బుద్ధుడు అక్కడికి వెళ్ళాడు. రాహులుడు పీట వేసి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పెట్టాడు. బుద్ధుడు కాళ్ళు కడుక్కుని, చెంబులో కొంచెం నీళ్ళు మిగిల్చి చూపించాడు. తెలిసి అబద్ధం ఆడటానికి సిగ్గుపడని వాడిలో మిగిలే శ్రమణత్వం ఇంతేనన్నాడు. ఆ కాసినీ పారబోసి, వాడి శ్రమణత్వం ఇట్లా పారబోసిందేనన్నాడు. చెంబు బోర్లించి చూపించాడు, తిప్పి ఖాళీ లోపలినీ చూపించాడు. ఆ తర్వాత అద్దం దేనికని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అట్లాగే ప్రతి పనినీ చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత చూసుకోమన్నాడు. ఇది నాకు హాని చేస్తుందా, ఇతరులకు చేస్తుందా, ఇద్దరికీ చేస్తుందా అని ఆలోచించమన్నాడు.

ఈ ఉపదేశం ఎంత ముఖ్యమైందంటే, అశోకుడు బైరాట్ శాసనంలో భిక్షువులు, ఉపాసకులు తరచూ వినాల్సిన ధమ్మ బోధల జాబితా ఇస్తూ అబద్ధం గురించి రాహులుడికి చెప్పిన బోధను పేరు పెట్టి చేర్చాడు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. చేసిన తర్వాత ఆ పని తప్పని తెలిస్తే ఏం చేయాలి? గురువు ముందు, తోటి సాధకుల ముందు దాచకుండా చెప్పి, ఇక ముందు జాగ్రత్త పడాలన్నాడు బుద్ధుడు. తప్పు చేసినవాడు ఇక ధమ్మం గురించి నోరెత్తకూడదని అనలేదు. తప్పు లేనివాడే మాట్లాడాలనీ అనలేదు. చెంబును ఖాళీ చేసేది దాచడం, సిగ్గు లేకపోవడం.

రెండో జవాబుకు ఇదే సమాధానం. "ముందు నీ బండి మానేయ్" అనేవాళ్ళు నిజంగా బండి మానాలని కోరి అనడం లేదు. మనం మాట మానాలని అంటున్నారు. బస్సు రాని ఊళ్ళో ఉన్నవాడు బండి ఎక్కకుండా పనికి పోలేడు. వాడు బండి మీద పోతూనే, మా ఊరికి బస్సు కావాలని అడగాలి. అది కపటం కాదు. బస్సు ఇంటి ముందు ఆగుతున్నా ఒక్కడే కారులో వచ్చి, పర్యావరణం మీద గంట ఉపన్యాసం ఇచ్చి, ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు తాగి, సగం వదిలేసి పోతే అది కపటం. ఈ రెండింటికీ తేడా మన మనసుకు తెలుసు. ఎదుటివాడు కనిపెట్టలేకపోయినా అద్దానికి తెలుస్తుంది.

మహాడ్‌లో రెండు పనులూ ఒకేసారి జరిగాయి

"మనిషి మారాలా, వ్యవస్థ మారాలా?" అని వాదించుకోవడం మనవాళ్ళలో కూడా మొదలైంది. బాబాసాహెబ్ ఈ వాదాన్ని 1927లోనే తేల్చేశారు. ఆ ఏడాది మార్చిలో మహాడ్ సభలో ఆయన మన ప్రజలకు ఏం చెప్పారు? చచ్చిన పశువుల మాంసం తినడం మానండి, ఎంగిలి అడుక్కోవడం మానండి, ఆత్మగౌరవంతో బతకండి అని చెప్పారు. అది ఒక్కొక్కరూ తమ ఇంట్లో చేయాల్సిన పని. మరి అంతటితో ఆగారా? మార్చి 20న వేలమందిని వెంటబెట్టుకుని చవుదార్ చెరువుకు నడిచి, నీళ్ళు తాగారు. అది అందరూ కలిసి వ్యవస్థ మీద చేసిన పని.

మొదటిది లేకుండా రెండోది జరిగితే బలం ఉండేది కాదు. రెండోది లేకుండా మొదటిది మాత్రమే అయితే అగ్రకులాలకు హాయిగా ఉండేది. "వీళ్ళు శుభ్రంగా ఉంటే చాలు, చెరువు దగ్గరికి రానక్కర్లేదు" అనుకునేవాళ్ళు. ఇవాళ పెద్ద కంపెనీలు కూడా అట్లాగే మాట్లాడతాయి. మీరు లైటు ఆర్పండి, ట్యాపు కట్టండి అంటాయి, తమ బొగ్గు గురించి మాట్లాడవు. మనం లైటూ ఆర్పాలి, బొగ్గు సంగతీ అడగాలి.

మతం వ్యక్తిగతమైనది, ధమ్మం సామాజికమైనది అని బాబాసాహెబ్ "బుద్ధుడు–ఆయన ధమ్మం"లో వివరించారు. ఒంటరిగా బతికేవాడికి ధమ్మంతో పని లేదు, ఇద్దరు మనుషుల మధ్య సంబంధం ఏర్పడగానే ధమ్మం కావాలి. ఇప్పుడు ఆలోచించండి. మన ఏసీ నుంచి బయటికి వచ్చే వేడి పక్క రేకుల ఇంటి మీద పడుతుంది. మన దేశంలో కరెంటు దాదాపు నాలుగింట మూడు వంతులు బొగ్గు నుంచి వస్తోంది. సాగర్ డ్యాం పక్కనే ఉన్నాం, మనది నీటి కరెంటే కదా అనుకోవడానికి లేదు, గ్రిడ్ అంతా ఒకటే. మనం ఇక్కడ వాడిన ప్రతి యూనిట్ ఎక్కడో ఒక తల్లి పీల్చే గాలితో ముడిపడి ఉంది. ఆ సంబంధం ఉన్నచోట ధమ్మం ఉండి తీరాలి.

పేదరికం శీలం కాదు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "తగ్గించుకోండి" అన్న మాట మన చెవికి వేరే రకంగా వినపడుతుంది. తరతరాలుగా తగ్గించుకునే బతికాం. చెప్పుల్లేకుండా నడిచాం, దీపం లేకుండా చదివాం. మన అమ్మలు పొయ్యి ముందు పొగ మింగి కళ్ళు పోగొట్టుకున్నారు. గ్యాసు పొయ్యి వచ్చిన ఇంటికి పోయి "భూమి వేడెక్కుతోంది, మళ్ళీ కట్టెల పొయ్యి పెట్టమ్మా" అనేవాడికి ధమ్మం తెలియదు.

బాబాసాహెబ్ పేదరికాన్ని ఏనాడూ పొగడలేదు. 1942–46 మధ్య వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు దామోదర్ లోయ, హిరాకుడ్ వంటి నదీలోయ పథకాలకు దారి వేశారు. కేంద్ర జల సంఘం 1945లో ఆయన చొరవతోనే పుట్టింది. పేదవాడి ఇంటికి కరెంటు, పేదవాడి పొలానికి నీళ్ళు రావాలన్నదే ఆయన తపన.

కాబట్టి మన దారి మధ్యమ మార్గం. లేనివాళ్ళకు ఇంకా కావాలి, అది వాళ్ళ హక్కు. చాలినంత ఉన్నవాళ్ళు అక్కడ ఆగాలి, అది వాళ్ళ శీలం. ఎక్కువైనవాళ్ళు వెనక్కి తగ్గాలి. అదిన్నాదానా వేరమణి అనే రెండో శీలం, ఇవ్వనిది తీసుకోవద్దంటుంది. మన మనవళ్ళకు చెందాల్సిన చల్లటి గాలిని వాళ్ళు మనకు ఇవ్వలేదు. వాళ్ళింకా పుట్టలేదు, అడ్డు చెప్పలేరు. నోరు లేనివాడి సొత్తు తీసుకోవడం దొంగతనాల్లోకెల్లా తేలికైన దొంగతనం.

మన చెంబులు చూసుకుందాం

ఏప్రిల్ 14 వస్తుంది. బాబాసాహెబ్ జయంతికి ఊరంతా ఫ్లెక్సీలు కడతాం. ఆయన బొమ్మ ఒక మూల చిన్నగా, మన బొమ్మలు వరసగా పెద్దగా ఉంటాయి. మర్నాటికి గాలికి చిరిగి మురుగు కాలువలో పడి ఉంటాయి. తర్వాత వాటిని చెత్తలో వేసి కాలుస్తారు. ఆయన ముఖం ఉన్న ప్లాస్టిక్ కాలిన పొగ మన పిల్లలే పీలుస్తారు. గౌరవం ఇదేనా?

వైశాఖ పున్నమికి అనుపుకు, కొండకు, ఎత్తిపోతలకు వస్తాం. పంచశీల జెండా పట్టుకుంటాం, అది ప్లాస్టిక్ జెండా. ప్లాస్టిక్ జెండాలు, థర్మోకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. ప్రాణులన్నిటి మీద కరుణ చూపుతామని ప్రతిజ్ఞ చదివి, భోజనాలయ్యాక నది ఒడ్డున మనం వదిలిపోయిన కవర్లను పశువులు మేస్తుంటే చూస్తూ బస్సెక్కుతాం.

విహారం కడతాం. కట్టాలి, తప్పదు. కానీ పక్కూరి కంటే ఎత్తుగా ఉండాలని రెండో అంతస్తు వేస్తాం, నెలకొకసారి తెరుస్తాం. నాగార్జునకొండ మ్యూజియంలో మనం చూసే బుద్ధుడి శిల్పాలు పల్నాటి సున్నపురాయి మీద చెక్కినవి. ఆ జాతి రాయినే ఇవాళ బట్టీలో కాల్చి సిమెంటు చేస్తున్నాం. టన్ను సిమెంటు తయారైతే అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అవసరమైన గోడకు సిమెంటు వాడితే తప్పు లేదు. గొప్ప కోసం కట్టిన గోడ ఎంత ఎత్తుంటే చెంబులో నీళ్ళు అంత తక్కువ.

రైతులైన ఉపాసకులు కూడా చూసుకోవాలి. పత్తి కట్టె, మిరప కట్టె, వరి గడ్డి చేలోనే తగలబెడుతున్నాం. కుడి కాలువ మొదట్లో ఉన్నవాళ్ళు మడి నిండా నీళ్ళు నిలబెట్టుకుంటే, చివరి భూముల రైతు ఎండిన నారు చూస్తూ కూర్చుంటాడు. బాబాసాహెబ్ రాసిన ప్రకారం సిద్ధార్థుడు ఇల్లు విడిచింది ఎందుకు? రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులు కోలియుల మీద యుద్ధానికి పోతామంటే వద్దని నిలబడ్డందుకు. నీటి పంపకంలో న్యాయం కోరినవాడి ధమ్మం మనది. అట్లాంటిది తూము దగ్గర మనమే రాత్రి పూట గండి కొడితే, ఉదయం ఏ ముఖంతో త్రిశరణం చెబుతాం?

మనకు ముందే దారి చూపినవాళ్ళున్నారు

రాజగృహం సంగీతి తర్వాత కోసంబిలో జరిగిన ఒక సంగతి వినయ పిటకంలో ఉంది. ఉదయన రాజు రాణులు ఆనందుడికి 500 చీవరాలు దానం చేశారు. ఇన్ని బట్టలు ఏం చేసుకుంటావని రాజు అడిగాడు. చినిగిన చీవరాలున్న భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలీబులు. పాత గలీబులు? నేల మీద పరుచుకుంటాం. అవి పాతవైతే కాళ్ళు తుడుచుకునే గుడ్డలు, అవీ పాతవైతే దుమ్ము తుడిచే గుడ్డలు. చివరికి ముక్కలు కొట్టి, మట్టిలో కలిపి నేల అలుకుతామన్నాడు. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడు. దాతల సొమ్ము ఒక్క పోగు కూడా వృథా కాలేదని తెలిసింది కాబట్టే ఇచ్చాడు. మాటకూ చేతకూ తేడా లేనివాడి చేతికి సమాజం ఇంకా ఇస్తుంది.

మన విజయపురిలోనే బోధిసిరి అనే ఉపాసిక ఉండేది. ఆమె రాణి కాదు. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో వేయించిన శాసనంలో ఆమె చేసిన దానాల పట్టిక ఉంది. సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించింది, వేరు వేరు చోట్ల మండపాలు, గదులు కట్టించింది. ఆ పట్టికలో పూర్వశైలంలో తవ్వించిన ఒక చెరువు కూడా ఉంది. తన పుణ్యాన్ని తన చుట్టాలతో పాటు లోకానికంతటికీ ధారపోసింది. చైత్యాన్నీ చెరువునూ ఒకే రాతి మీద చెక్కించిన ఆ తల్లికి, ధమ్మం వేరు, నీళ్ళు వేరు అనిపించలేదు. తోటలు వేసేవాళ్ళకు, బావులు తవ్వించేవాళ్ళకు, వంతెనలు కట్టేవాళ్ళకు రాత్రింబగళ్ళు పుణ్యం పెరుగుతుందని బుద్ధుడు చెప్పింది ఆమె విని ఉంటుంది.

ఈ నెల నుంచి చేద్దాం

చేయగలిగినవే రాస్తున్నాం. మనకు వర్తించేది మనం తీసుకుందాం.

1. సంఘ భోజనాలకు స్టీలు పళ్ళాలు, స్టీలు గ్లాసులు ఒక్కసారి కొని దాచుకుందాం. ఎవరిళ్ళల్లో శుభకార్యమైనా అవే వాడదాం.

2. ఫ్లెక్సీకి బదులు గుడ్డ బ్యానరు కుట్టిద్దాం. తేదీ, సంవత్సరం రాయకపోతే పదేళ్ళు వస్తుంది. జెండా కూడా గుడ్డదే.

3. సభలకు కార్లలో విడివిడిగా కాకుండా కలిసి వద్దాం. బస్సు ఉన్నచోట బస్సు.

4. ఏసీ ఉన్నవాళ్ళు 24 డిగ్రీల కంటే కిందికి పెట్టొద్దు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుంది. మిగిలిన డబ్బుతో మన ఊరి పల్లెలో ఒక రేకుల ఇంటి కప్పుకు తెల్ల సున్నం వేయిద్దాం, లోపల వేడి తగ్గుతుంది. తన చల్లదనంలోంచి కొంత పక్కింటికి పంచడమే ఈ కాలపు దానం.

5. జయంతికి నాటే మొక్క ఫొటోతో అయిపోకూడదు. ప్రతి వేప మొక్కకూ, ప్రతి కానుగ మొక్కకూ ఒక మనిషి పేరు రాసుకుందాం. మూడు ఎండాకాలాలు ఆ మనిషే నీళ్ళు పోయాలి.

6. అడగాల్సింది కలిసి అడుగుదాం. ఎండాకాలంలో పని పొద్దున్నే మొదలై ఎండ ముదరక ముందే అయిపోవాలి. పని దగ్గర నీడ, మంచినీళ్ళు, ఓఆర్ఎస్ ఉండాలి. పల్లెకు బస్సు, చివరి భూములకు నీళ్ళు, పేదల ఇళ్ళ మీద సోలార్ పలకలు కావాలి. నరసరావుపేట కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఒక్కరు పోతే కాగితం, వందమంది పోతే సమస్య.

7. వర్షావాసం ముగిసే రోజున భిక్షువులు ప్రవారణ చేస్తారు. నాలో తప్పు ఏమైనా చూసి ఉంటే, విని ఉంటే, అనుమానం ఉంటే దయచేసి చెప్పండని ప్రతి భిక్షువూ సంఘాన్ని అడుగుతాడు. కపటానికి ఇంతకంటే మంచి మందు ఎవరూ కనిపెట్టలేదు. మనం కూడా ఆశ్వయుజ పున్నమి నాడు కూర్చుని, పై ఆరింటిలో ఏది చేశామో, ఏది చేయలేకపోయామో ఒకరికొకరం చెప్పుకుందాం. ఎవరినీ ఎగతాళి చేయొద్దు. పెద్దవాళ్ళు ముందు చెప్పాలి, పిల్లలు విని అడగాలి.

బంధువులారా, మనం ఒక్కరం ఏసీ కట్టేసినంత మాత్రాన రెంటచింతల చల్లబడదు. అట్లా చల్లబడుతుందని చెబితే అది కూడా అబద్ధమే, చెంబు బోర్లించినట్టే. మరి ఎందుకు చేయాలి? రేపు పల్లె తరఫున కలెక్టరు ముందు, కంపెనీ ముందు, ప్రభుత్వం ముందు నిలబడినప్పుడు మన మాటకు వెనక మన బతుకు నిలబడాలి. వాళ్ళు "మరి నువ్వో?" అని అడిగితే తల దించుకోకుండా, దాచుకోకుండా, "నేను చేయగలిగింది ఇది, చేయలేనిది ఇది, మీరు చేయాల్సింది ఇది" అని లెక్క చెప్పగలగాలి. అట్లా లెక్క చెప్పగలిగిన మనుషులు ఊరికి పదిమంది ఉంటే అదే సంఘం.

ఈ ఏడాది సాగర్ 590 అడుగులు నిండుతుందో లేదో మన చేతుల్లో లేదు. మన చెంబులో నీళ్ళు ఎన్ని మిగులుతాయో మాత్రం మన చేతుల్లోనే ఉంది.

సకల ప్రాణులూ సుఖంగా ఉండుగాక!

నమో బుద్ధాయ! జై భీమ్!